నేల మీద పేర్లు

కెనడాలో, టొరంటో శివారు ఎటోబికోలో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు స్టూడెంట్లు దిగిన చలికాలం అది. కింద వాళ్ళకు సరైన కిటికీ లేదు. పైన నానమ్మకు కిటికీ ఉంది కానీ బయటికి తీసుకెళ్ళే మనిషి లేడు. కమలకుమారి అనే ఆ మహాతల్లి పొద్దస్తమానం అక్కడే కూర్చుని, వచ్చేపోయే బస్సుల్ని పేరుపేరునా తిట్టేది.

అందుకే కిందనుంచి ఆ స్టూడెంట్లలో ఒకతె, తేజశ్రీ, వచ్చి, "అమ్మమ్మగారూ, రేపు నా డెమోకి వస్తారా? పెద్దవాళ్ళెవరైనా నడిచి చూడాలట" అనగానే, ఎక్కడికని కూడా అడక్కుండా చీర ఇస్త్రీ చేసుకుంది.

సంగతి బస్సులో తెలిసింది. అది హోలోకాస్ట్ మ్యూజియం, హిట్లర్ మనుషులు చంపేసిన యూదుల జ్ఞాపకంగా కట్టింది. అక్కడొక చీకటి గదికి నేలంతా సెన్సర్లు పెట్టింది తేజశ్రీ. మనిషి మధ్యకి రాగానే నేల నిండా చనిపోయినవాళ్ళ పేర్లు వెలుగుతాయి. ఏ పేరు మీద అడుగు పడితే ఆ మనిషి సంగతి ఒక గొంతు చెబుతుంది. గది నచ్చితే తేజశ్రీకి అక్కడే ఉద్యోగం. నచ్చకపోతే మళ్ళీ గోదాంలో పెట్టెలు మొయ్యడమే.

"నేనేం చెయ్యాలే?" అంది నానమ్మ, ఆ గది గుమ్మంలో.

"ఆ అవతలి తలుపు దాకా నడిచెళ్ళండి, అంతే."

నానమ్మ ఠీవిగా గది మధ్యకి వెళ్ళింది. పేర్లు వెలిగాయి. కాలి కింద ఒక పేరు. "రిఫ్కా," అంది గొంతు ఇంగ్లీషులో. "ఏడేళ్ళు." ఇంగ్లీషులో అంకెల వరకు నానమ్మకు తెలుసు. చటుక్కున కాలు తీసి, వంగి, నేల తాకి కళ్ళకద్దుకుంది. వేళ్ళు తాకినచోట ఇంకో పేరు. దానికీ దణ్ణం పెట్టబోతే మరొకటి. ఆఖరికి కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయింది.

"కాలు పెట్టడానికి చోటు లేదే అమ్మాయ్."

"అవి ఉత్త లైట్లు అమ్మమ్మగారూ. నడిచెయ్యండి, ప్లీజ్."

"పేర్లు కావూ?"

అద్దం వెనక మ్యూజియం పెద్దావిడ కాఫీ పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూస్తోంది.

"పోనీ ఆపెయ్యి."

"మధ్యలో ఆగదు. బయటికి దారి లేనట్టు అనిపించాలని నేనే అలా పెట్టా."

"బాగానే పెట్టావు."

ఎంతసేపని ఒంటికాలి మీద? నడిస్తే పాపం, నడవకపోతే పిల్ల ఉద్యోగం. అంతలో రిఫ్కా సంగతి పూర్తయి ఆ వెలుగు ఆరిపోయింది. నానమ్మ ఆ చీకట్లో కాలు మోపి, చీర సర్దుకుని అక్కడే చతికిలబడింది. పక్క పేరును వేలితో తాకింది. ఆ గొంతు చెప్పిందంతా, ముక్క అర్థం కాకపోయినా, కథ విన్నట్టు ఊఁ కొడుతూ విన్నది. అది ఆరాక ఆ చోటికి జరిగింది. మళ్ళీ ఇంకో పేరు. అంతకుముందు డెమోకని వచ్చి నడిచినవాళ్ళందరూ గబగబా దాటేశారు. ఒక్క పేరైనా చివరిదాకా ఎవరూ విననేలేదు. అద్దం వెనక పెద్దావిడ కాఫీ చల్లారిపోయింది.

తిరుగు బస్సులో తేజశ్రీ చెప్పింది.

"పేర్లు నేల మీద వద్దట. గోడకి, చెయ్యి అందేచోట పెట్టమన్నారు. మొత్తం మళ్ళీ చెయ్యాలి."

"మరి ఉద్యోగం?"

"అది చూశాక చెప్తారట."

మర్నాడు మధ్యాహ్నం తేజశ్రీ బేస్‌మెంట్‌లో ఆ పేర్ల పని మళ్ళీ మొదలుపెట్టి, నానమ్మ పైన కిటికీ దగ్గర, ఎవరి చోట వాళ్ళు. ఉన్నట్టుండి కాళ్ళ కిందనుంచి, చెక్క నేలలోంచి, ఆ గొంతు సన్నగా వినిపించింది. రిఫ్కా. ఏడేళ్ళు.

నానమ్మ రెండు కాళ్ళూ కుర్చీలోకి లాక్కుంది. దిగడానికి లేదు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

"ఊఁ," అంది.