బుల్లిబాబు మావయ్య బెల్టు

"పాప అన్నం ముట్టడం లేదు మావయ్యా. తింటే చచ్చిపోతానంటోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

ఫోనులో ఈ మాట విన్న మనిషి పేరు బుల్లిబాబు. తణుకు దగ్గర పుట్టి, కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు బాచుపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. అవతల మాట్లాడుతున్నది ఆయన మేనల్లుడు చైతన్య.

"ఎక్కడున్నారు?"

"హఫీజ్‌పేట్‌లో, స్కూలు పక్క ఆసుపత్రిలో."

"వస్తున్నా. పక్కనే కూర్చో, ఎటూ కదలకు" అని బుల్లిబాబు ఫోను పెట్టేశాడు.

చైతన్య స్టాటిస్టిక్స్ చదివినవాడు. హైటెక్ సిటీలో కొత్త మందుల ప్రయోగాల లెక్కలు సరిచూసే కంపెనీలో ఉద్యోగం. ఆ ఉదయం మీటింగులో ఉండగా స్కూలు నుంచి ఫోను వచ్చింది. నాలుగున్నరేళ్ళ రసజ్ఞ ప్రార్థన వరుసలో కళ్ళు తిరిగి పడిపోయిందట. కొత్తగూడ ఫ్లైఓవరు మీద ఆగిపోయిన కార్ల మధ్య అతను ఏమేమి ఊహించుకున్నాడో అతనికే తెలియాలి. అతను ఆసుపత్రికి చేరేసరికి పాప మెలకువగానే ఉంది, చేతికి సెలైన్ పెట్టారు. ఒంట్లో చక్కెర బాగా పడిపోయింది, సరిగ్గా తినడం లేదా అని డాక్టరు అడిగింది. రాత్రి ఆకలి లేదంటోంది గానీ, స్కూలు డబ్బా రోజూ ఖాళీగానే వస్తోందండీ అన్నాడు చైతన్య.

అప్పుడు పాపను తీసుకొచ్చిన స్కూలు ఆయమ్మ మల్లమ్మ నోరు విప్పింది.

"ఖాళీగ వస్తది సార్, కని పాప తింటలేదు. డస్ట్‌బిన్‌ల ఏస్తుంది. ఇయాల్నే దోస్తు పిల్ల చెప్పింది నాకు. ఎందుకమ్మా అంటే, అన్నం ఇషమట, తింటే డాడీ లెక్క కడుపు పెద్దగై సచ్చిపోతరట. ఎవరు జెప్పిన్రో ఏమో సార్, గింత పిల్లకు."

ఎవరు చెప్పారో చైతన్యకు తెలుసు.

కిందటేడు ఆఫీసులో చేయించిన పరీక్షల్లో అతని కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. అతని తండ్రి గుండెపోటుతో పోయింది నలభై రెండో ఏట. చైతన్యకు ఇప్పుడు ముప్ఫై ఆరు. ఆ కాగితం చూసిన రోజు నుంచి అతనికి కుదురు లేదు. ముందు నెయ్యి, మాంసం, పనీరు తప్ప ఏదీ తినని పద్ధతి పెట్టుకున్నాడు. ఆరు కిలోలు తగ్గి, ఏడు పెరిగాడు. తర్వాత పదహారు గంటల ఉపవాసం. ఆ తర్వాత కొర్రలు, సామలు. భోజనాల దగ్గర అన్నం గిన్నె దూరంగా తోసి, "ఇది అన్నం కాదు, విషం. తింటే పోతాం" అనేవాడు. తనను తాను అదుపులో పెట్టుకోవడానికి అనుకునే మాట అది. ఇప్పుడు ఊళ్ళో లేని భార్య ఉదయశ్రీ, "మీరు మానేస్తే మానేయండి గానీ ఆ మాటెందుకండీ, పిల్ల ముందు" అని ఎన్నోసార్లు అంది. పిల్ల ఎప్పుడూ అతని పక్క కుర్చీలోనే కూర్చునేది.

బుల్లిబాబు ఒక చేతిలో హెల్మెట్టు, ఇంకో చేతిలో స్టీలు డబ్బాతో వచ్చాడు. రసజ్ఞ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"తాతయ్యా, నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా. దొండకాయ వేపుడు, పప్పుచారు, మజ్జిగ."

"మరి చచ్చిపోతావా?"

బుల్లిబాబు నవ్వలేదు. మంచం మీద కూర్చుని నడుముకున్న బెల్టు విప్పి పాప ఒళ్ళో పెట్టాడు. నల్లతోలు బెల్టు. మేకు కాల్చి పొడిచిన చిల్లులు దాని పొడుగునా ఉన్నాయి.

"ఇవన్నీ నేను పొడిచినవే. ఇది క్యాబేజీ చిల్లు. క్యాబేజీ నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. ఆ కంపుకి మీ మామ్మ వీధి అరుగు మీద కూర్చునేది. ఇదిగో, ఇది కొబ్బరినూనె చిల్లు."

"తలకి రాసుకునేదా?"

"అదే. గ్లాసుతో తాగాను."

పాప మొహం వికారంగా పెట్టింది. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది చపాతీల చిల్లు, ఇది కొర్రల చిల్లు. ప్రతిసారీ ఇటు వచ్చేవాణ్ణి, మళ్ళీ అటు పోయేవాణ్ణి. ఊళ్ళో బెల్టులు కుట్టేవాడు కూడా నన్ను చూసి భయపడేవాడు."

"మరి ఇది?" పాప మధ్యలో బాగా సాగిపోయిన చిల్లులో వేలు పెట్టింది.

"అది మీ మామ్మ చిల్లు. ఇంట్లో అందరూ తినేదే, కాస్త తక్కువ తిన్నాను. సాయంత్రం నడిచాను. చాలా ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నాను."

"దాంట్లో అన్నం ఉందా?"

"ఉంది."

భార్య పుణ్యవతి పంపిన డబ్బా తెరిచి ఆయన పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పాప ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, ఆయన మింగేదాకా కళ్ళార్పకుండా చూసింది. తాతయ్య గుండె ఆగిపోతుందేమోనని చూస్తోందని చైతన్యకు అర్థమైంది.

"ఇప్పుడు నాన్న" అంది.

చైతన్య అన్నం తిని నెలలు దాటింది. తండ్రి గుర్తొచ్చాడు, ఆ పరీక్షల కాగితం గుర్తొచ్చింది. పిల్ల చెయ్యి అతని చొక్కా మీద, గుండె కొట్టుకునే చోట ఉంది. అది ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ చేతికి తెలిసిపోతుందేమోనని భయపడుతూనే ముద్ద తిన్నాడు. పాప కాసేపు ఆగింది. ఏమీ కాలేదు. అప్పుడు నోరు తెరిచింది.

పాప నిద్రలోకి జారాక వరండాలో చైతన్య అడిగాడు. "ఇన్ని చేశావు కదా మావయ్యా. వీటిల్లో ఏది మంచిది?"

"అన్నీ పనిచేశాయిరా. ఒక్కోటి ఆర్నెల్లు."

ఆ జవాబు చైతన్యకు కొత్త కాదు. వేర్వేరు తిండి పద్ధతుల్ని పోల్చిన ప్రయోగాలు అతను చదివాడు. ఏడాది తిరిగేసరికి గుంపుల సగటుల మధ్య పెద్ద తేడా మిగలదు. తేడా అంతా మనుషుల మధ్యే, ఎక్కువగా పద్ధతిని వదలకుండా పట్టుకున్నవాళ్ళకీ వదిలేసినవాళ్ళకీ మధ్య. ఇదంతా తెలిసి కూడా, భయం వేసినప్పుడల్లా ఇంకో పద్ధతి కోసం వెతికాడు.

"మీ నాన్న పోయిన పూట ఎదురు కంచంలో నేనే తింటున్నాను" అన్నాడు బుల్లిబాబు. "అప్పట్నించి భయంతో తిన్నాను, భయంతో మానేశాను. కరెంటు స్తంభం ఎక్కినప్పుడు కూడా నాకంత భయం లేదురా. ఆ భయం నీకూ వచ్చింది, సరే. పిల్లకెందుకు ఇచ్చావు?"

చైతన్య తలుపు సందులోంచి నిద్రపోతున్న పిల్ల వైపు చూశాడు.

"నీ కూతురి కంచంలో పెట్టలేనిది నీ కంచంలోనూ పెట్టుకోకు. అంతే నాకు తెలిసింది. బరువు మెల్లిగా దిగుతుంది. దిగనీ."

ఇప్పుడు వాళ్ళింట్లో అందరికీ ఒకే వంట. చైతన్య డాక్టరుకు చూపించుకుంటూనే ఉన్నాడు. సగం కంచం కూర, ఓ గరిటెడు అన్నం, పప్పు తింటాడు. సాయంత్రాలు రైల్వే స్టేషను దాకా నడిచి వస్తాడు. బరువు కొన్ని వారాలు కదలదు. అప్పుడు మళ్ళీ ఆ పాత దడ మొదలవుతుంది, ఫోనులో ఎవరో కొత్త పద్ధతి చెబుతూ కనిపిస్తారు. చైతన్య తలెత్తి, పక్క కుర్చీలో చారన్నం కలుపుకుంటున్న రసజ్ఞ కంచం వైపు చూస్తాడు. అందులో పెట్టగలనా అని తనను తాను అడుగుతాడు. ఇప్పటిదాకా ఒక్కదానికీ పెట్టగలనని జవాబు రాలేదు. ఫోను బోర్లించి, తన కంచంలోకి చారు పోసుకుంటాడు.