కుప్పం షెడ్డులో తమ్ముడి బుట్ట

చూపు పోయినప్పటి నుంచి మా తమ్ముడు రెడ్డెప్ప గడప దాటింది లేదు. అంతకుముందు మదనపల్లె మార్కెట్టులో టమోటాలు ఏరే పని చేసేవాడు. కుప్పం దగ్గర చూపు లేనివాళ్లకు వైరు బుట్టలు అల్లడం నేర్పి, అక్కడే పనీ, ఉండడానికి గదీ ఇస్తారని విని, వెళ్దాం రమ్మని వాడి ప్రాణం తోడేశాను. "ఒగ దినం వస్తానక్కా. కుదరకపోతే మళ్లా నన్నడగొద్దు" అన్నాడు చివరికి. నా చేతిలో ఉన్నది ఆ ఒక్కరోజే.

ఉదయం ఆరింటికి మదనపల్లెలో బస్సెక్కాం. నాకు ఆడవాళ్ల ఉచిత టికెట్టు, వాడికి పాసు. ఏడింటికి పుంగనూరులో ఇడ్లీ పొట్లం తెచ్చి, తుంచి వాడి నోటికి అందించబోయాను. పక్క సీటు పెద్దామె, "చేతులు బాగానే ఉండాయి కదమ్మా, తిననీ" అంది. నాకు ఒళ్లు మండింది. పలమనేరులో బస్సు మారాలి. అక్కడ కిటికీలోంచి టవలు వేసి సీటు పట్టుకోకపోతే కుప్పం దాకా నిలబడే పోవాలి. పదిన్నరకు దిగి ఆటో మాట్లాడుకున్నాం.

రేకుల షెడ్డులో చాపల మీద కూర్చుని అల్లుతున్నారు. నేర్పే మునెమ్మకూ చూపు లేదు. కొత్తవాళ్లు మొదటిరోజు బుట్ట అడుగు అల్లాలి, అది తడిమి చూసి చేర్చుకునేదీ లేనిదీ ఆమె చెబుతుంది. ముడి తప్పితే అక్కడిదాకా విప్పుకుని మళ్లీ వేయాల్సిందే. రెడ్డెప్ప విప్పిందే విప్పాడు. వాడి మొహం వాడిపోయింది. ఇంటికి పోదాం అంటాడేమోనని నాకు ఒకటే దడ. వాడు నీళ్లు తాగడానికి లేచినప్పుడు, ఉండబట్టలేక గబగబా కొన్ని ముళ్లు నేనే వేసేశాను.

మునెమ్మ వచ్చి అడుగంతా తడిమింది. ఒకచోట వేళ్లు ఆగాయి.

"ఈ ముళ్లు బిగువు, తక్కినవి వదులు. దీని మీద రెండు చేతులు పడినాయి."

నా తల తీసేసినట్టయింది. రెడ్డెప్ప నా వైపు తిరిగాడు. "యాల ఏస్తివక్కా? నేను ఏస్తాండా కదా!" వాడి గొంతులో కోపం విని ఎన్నాళ్లయిందో. నా ముళ్లన్నీ వాడే వెతికి పట్టుకుని విప్పేశాడు.

"అమ్మా, నువ్వు బయట కూసో" అంది మునెమ్మ. కూర్చున్నాను. బాగా తిట్టుకున్నాను కూడా, ఆమెను కొంచెం, నన్ను ఎక్కువ.

మూడింటికి పిలిచింది. "వంకరుండాది. అయినా అంతా ఒగే చెయ్యి. ఈడ ఉండనీ" అంది. నేను ఆపుకోలేక ఏడ్చేశాను. వాడికిచ్చిన గదిలో దుప్పటి పరచబోతే రెడ్డెప్ప నా చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వు పోక్కా, బస్సు పోతాది. నాకు పనుండాది."

తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఖాళీగా ఉంటే దిగులేసింది, సంతోషమూ వేసింది. పుంగనూరులో మా వీధి కూరగాయలామె ఎక్కి ఆ సీట్లో కూర్చుంది.

"తమ్ముడు ఎట్లుండాడమ్మా, ఇంట్లోనేనా?"

"లేదు, కుప్పంలో పని చేస్తాండాడు" అన్నాను. ఆమె సరేనని తలూపినా, నేను ఇంకొకసారి అన్నాను.