వదిలినా తగ్గని వేగం

అన్నయ్య ఎక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేశాడు. పక్క సీట్లో కూర్చున్న నేను కళ్ళారా చూశాను. అయినా ఇంజను రొద తగ్గలేదు, ఇంకా పెరిగింది. డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ పెరట్లో, గోడకు ఎదురుగా నిలిపిన ఆ రెండు సీట్ల కారు గేరులో లేదు కాబట్టి కదలలేదు. అన్నయ్య తాళం తిప్పి ఆపాక కూడా నా చెవులలో ఆ మోత ఆగలేదు. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పొరుగింటావిడ తల పైకెత్తి, "కా హోగే దీదీ?" అని వాళ్ళ భాషలో అమ్మను కేకేసింది. ఏమైందో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు.

భన్‌పురిలో ఒక లారీల షెడ్డు వెనుక తుప్పుపడుతున్న పాత విదేశీ స్పోర్ట్స్ కారు అది. వ్యాగన్ల కార్ఖానాలో పని నేర్చుకుంటున్న అన్నయ్య దాన్ని ఇంటికి తెచ్చి, సెలవులన్నీ దానికే ధారపోశాడు. ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బురేటర్ ఒకటి ఉండే చోట రెండు అమర్చాడు. వాటిపై ఉండవలసిన గాలి వడపోత డబ్బాలు తీసేసి ఇత్తడి గరాటులు బిగించాడు. బానెట్ ఎత్తితే అవి ఆకాశానికి నోళ్ళు తెరుచుకొని కనిపించేవి. ఆ ఆదివారం ఊరి వెలుపల జరిగే కార్ల ర్యాలీలో అతడు నడపాలి, నేను పక్కన కూర్చొని దారి చెప్పాలి. దారి చెప్పే మనిషి లేని బండిని పోటీకి రానివ్వరు. ఆ ఒక్క రోజు కోసం అన్నయ్య తక్కిన సరదాలన్నీ మానుకున్నాడు.

"ఎక్సిలరేటర్ స్ప్రింగ్ ఢీలా అయిపోయిందే, అంతే," అని కొత్త స్ప్రింగు వేశాడు. ఇంజను మళ్ళీ బుద్ధిగా నడిచింది. "దేఖా? ఠీక్ అయిపోనాది."

"స్ప్రింగే కారణమని ఎలా తెలిసింది?"

"మార్చినాక తగ్గింది కదా!"

"తన కోడి కూస్తేనే తెల్లారుతుందనుకున్న ముసలమ్మలా మాట్లాడకు అన్నయ్యా. ఒకదాని తరువాత ఇంకొకటి జరిగినంత మాత్రాన అది కారణమైపోదు."

"ఇది నీ కాలేజీ డిబేటు స్టేజీ కాదే తల్లీ. గంట కొట్టడానికి ఇక్కడ జడ్జీలెవరూ లేరు."

మరునాడు భన్‌పురి వైపు తిన్నని రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. కారు అద్భుతంగా పరుగెత్తింది. ఎదురుగా రైల్వే గేటు మూసి ఉంది. అన్నయ్య కాలు తీశాడు. వేగం తగ్గలేదు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేస్తూ తాళం తిప్పేశాడు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో గేటు కడ్డీ ఆగింది. నిజానికి ఆగింది మేము. నాకు మాత్రం కడ్డీయే మా మీదికి వచ్చి ఆగినట్టు అనిపించింది. "మర్‌నా హై క్యా?" అని, చావాలనుందా అన్నట్టు, గేటుమన్ అరుస్తున్నాడు. అన్నయ్య పెడలును నాలుగైదుసార్లు తొక్కి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఏమీ జరగనట్టే నడిచింది.

"ఎక్సిలరేటర్ కేబుల్ పట్టేసినాది. నూనేస్తే అయిపోద్ది."

"కారణం తెలిసేదాకా ఈ సీట్లో నేను కూర్చోను," అన్నాను.

"నువ్వు రాకపోతే నాకు పోటీయే లేదని తెలిసే అంటున్నావేటే?"

"తెలిసే అంటున్నాను."

ఇంటికి చేరాక నేను జరిగినదాన్ని మొదటి నుంచి తలపోశాను. ఇంజను మొండికేసిన ప్రతిసారీ అన్నయ్య చేసే మొదటి పని పెడలు తొక్కడం. తొక్కగానే దోషం మాయమవుతుంది. అంటే లోపల ఏదో అడ్డుపడుతోంది. మా తొక్కుడుకు అది జారిపోతోంది. చేతులారా సాక్ష్యాన్ని మేమే చెరిపేస్తున్నాము. అందుచేత ఒక్కటే షరతు పెట్టాను: మళ్ళీ అలా జరిగితే తాళం తిప్పాలి, పెడలు ముట్టకూడదు.

శనివారం పొద్దున్న చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, పెడలు తొక్కి వదులుతూ ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపించాడు. ఎప్పటికోగాని కాలు తీసినా మోత తగ్గని క్షణం రాలేదు. రాగానే తాళం తిప్పి, పాదాలు సీటు మీదికి లాక్కున్నాడు. ఇద్దరం బానెట్ ఎత్తి, గరాటులోకి టార్చి వేశాము. కార్బురేటర్ గొంతులో, కాలు తీయగానే మూసుకోవలసిన గుండ్రటి రేకు ఓరగా నిలిచిపోయి ఉంది. దాని అంచుకూ గోడకూ మధ్య పసుపుపచ్చగా ఏదో ఇరుక్కుంది. అన్నయ్య నా తలపిన్ను తీసుకొని దాన్ని పైకి లాగాడు.

అక్షింత.

గరాటు విప్పితే, అతుకు కింది అంచున ఇంకా కొన్ని నెయ్యిజిడ్డులో అంటుకొని ఉన్నాయి.

మాకు ఒక్కసారే అర్థమైంది. కిందటి వారం విశ్వకర్మ పూజ. కార్ఖానా కుటుంబాలలో పూజ పైరేకుకు కాదు, పనిచేసే భాగానికే చేస్తారు. అమ్మ బానెట్ ఎత్తించి, ఇంజనుకు బొట్టు పెట్టి, నేతితో పసుపు కలిపిన అక్షింతలు దాని నెత్తిన చల్లింది. నా కొడుకును చల్లగా చూడమని మొక్కింది. ఇంజను వేడికి ఆ నెయ్యి కరిగి, గింజ తరువాత గింజ గొంతులోకి జారింది. కాలేజీ డిబేట్లలో గుడ్డి ఆచారాల మీద అనర్గళంగా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న నేను, అంతటి సాక్ష్యాన్ని అరచేతిలో పెట్టుకొని గుప్పిట మూశాను.

"అమ్మకి చెప్పకు," అన్నాడు అన్నయ్య.

"రేపు బయలుదేరేముందు మళ్ళీ చల్లుతుంది కదా?"

"నేను చూసుకుంటాను. చెప్పకు. బస్, అంతే."

నేను చెప్పాను. దాచి కాపాడడం కాపాడడం కాదని నా నమ్మకం. వంటింట్లో అమ్మ చేతిలో ఆ గింజ పెట్టి, రైల్వే గేటు సంగతితో సహా చెప్పాను. ఆమె ఆ గింజను వేలితో అటూ ఇటూ తిప్పి చూసింది. "నా సేత్తోనే?" అంది. అంతే. తరువాత పొయ్యి ఆర్పి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది.

"సాధించినావా? కప్పు ఇచ్చీసినారా?" అన్నాడు అన్నయ్య నాతో.

ఆదివారం కారు సిద్ధమైంది. గొంతులు శుభ్రమయ్యాయి, గరాటులు మళ్ళీ యథాస్థానంలో మెరుస్తున్నాయి. కారణం తెలిసింది కాబట్టి నేను నా సీట్లో కూర్చున్నాను. అమ్మ బయటికి రాలేదు. అన్నయ్య స్టార్ట్ చేయలేదు. ఆమె కోసం కాసేపు చూసి, దిగి వంటింట్లోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"అమ్మా, దీవించవేటి?"

"నా దీవెన నీకు అచ్చిరాలేదురా. నీకొద్దు."

"వద్దని నేనన్నానేటి?"

అమ్మ ఇటు తిరిగింది. "ఆ నోళ్ళకి మూతలుండవా? సేసినోడు అలాగే వొగ్గీసినాడేటి?"

"ఉండేవి. నేనే తీసీసినాను."

"ఎందుకూ?"

కారణం దొరికిందని తృప్తిపడిన నాకు ఈ ప్రశ్న తట్టనైనా లేదు.

"గాలి బాగా పోద్ది. జోరుగా లాగుద్ది."

"మూతలేస్తే?"

"తగ్గుద్ది. కొంచెం."

"తగ్గనీ."

అన్నయ్య వాదించబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. మంచం కింది నుంచి వడపోత డబ్బాలు తీసుకెళ్ళి, గరాటులు విప్పి, వాటిని బిగించాడు. ఆఖరి నట్టు బిగిసేదాకా అమ్మ పక్కనే నిలబడింది. బానెట్ తనే మూసింది. అప్పుడు అతని తల మీద చెయ్యి పెట్టింది, ఉత్త చెయ్యి.

పోటీలో మా స్థానం చెప్పుకోదగ్గది కాదు. దారి పొడవునా ముందు బండ్ల దుమ్ములోనే నడిచాము. సాయంత్రం పెరట్లో అన్నయ్య డబ్బాలు విప్పి, పాత పేపరు మీద బోర్లించాడు. గుప్పెళ్ళకొద్దీ ఎర్రమట్టి, చిన్న చిన్న కంకర పలుకులతో సహా, కుప్పగా పడింది.

"మూతల్లేకపోతే ఇదంతా ఇంజను మింగేసేది కదే," అన్నాడు మెల్లగా.

అన్నానికి అమ్మ పిలిచింది. మళ్ళీ పిలిచింది. అతడు ఆ కుప్ప ముందు నుంచి లేవలేదు.