ఎదురింటికి రాని ఎస్తేరక్క

తెలుగు పండితురాలు ఎస్తేరు రాణి గారు ఇక లేరు. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె తమ్ముడి కొడుకు నాకు ఫోన్ చేసి, "అనసూయ ఆంటీ, అత్తయ్య పోయారండీ" అన్నాడు. చర్చిలో ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూలిపోయారట. డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. ఆ వార్త విన్న క్షణంలో నాకు కన్నీరు రాలేదు. ముందుగా వచ్చింది ఆగ్రహం. మా ఇద్దరి మధ్య తేలని మాట ఒకటి ఉండిపోయింది. దాన్ని తేల్చకుండా ఆమె నిష్క్రమించడం నాకు రెండవ ద్రోహంలా తోచింది.

సమాధి కార్యక్రమంలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, "ఈమె నా ప్రాణస్నేహితురాలు. ఈమె నన్ను మోసం చేసింది" అన్నాను. అంతటితో వచ్చి కూర్చున్నాను. అక్కడున్న పూర్వ విద్యార్థినులు కలవరపడ్డారు. ఆమె స్మృతిలో తెస్తున్న ఈ సంచికకు వ్యాసం రాయమని కోరింది వారే. బహుశా నేను ఆ మాటను సరిదిద్దుకుంటానని వారి ఆశ. సరిదిద్దుకోను. వివరిస్తాను. లోకానికి ఆమె పండితురాలు, నాకు మాత్రం ఎస్తేరక్క. అలాగే రాస్తాను.

ఉంగుటూరు దగ్గరి పల్లెలో చిన్న రైతు ఇంట పుట్టిన అక్క, తండ్రి పోయాక తమ్ముళ్ళను చదివించి, వారికి పెళ్ళిళ్ళు చేసి, తాను అవివాహితగానే ఉండిపోయింది. నూజివీడులో ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో ఆమె తెలుగు చెప్పేది, నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఆమె గళం గంభీరం. పద్యం ఎత్తుకుంటే పక్క తరగతిలో నా పాఠం ఆగిపోయేది. పిల్లలు వినడం మానేసినందుకు కాదు, నేనే చెప్పడం మానేసేదాన్ని.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆమె సంస్కృత పాండిత్యానికి విస్తుపోయి, "మీరు క్రైస్తవులు కదండీ, ఇదంతా ఎలా అబ్బింది?" అని అడిగాడు. అక్క చిరునవ్వు చెదరకుండా, "అక్షరానికి మతం ఇవ్వలేదండీ ఎవరూ. నేర్చుకున్నవాళ్ళది అది" అంది. మేమంతా స్టాఫ్ రూములో ఆ మాటను చాలాకాలం చెప్పుకున్నాం.

మామిడి కాపు దిగితే మా తరగతులు పలచబడేవి. పిల్లలను తల్లిదండ్రులు కాయలు సర్దే షెడ్లకు తీసుకుపోయేవారు. పదో తరగతి పిల్ల ఒకతె రాకపోతే, అక్క ఆటో ఎక్కి నేరుగా షెడ్డుకే వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. "రెండు వారాలే కదండీ టీచర్ గారూ, మళ్ళీ పంపిస్తాం" అన్నాడు తండ్రి. "కాయను ముదిరేదాకా చెట్టునే ఉంచుతావు కదయ్యా. పిల్లనేంటి, పిందెగా ఉండగానే కోసేస్తున్నావు?" అంది అక్క. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆయన తల వంచుకున్నాడు. మర్నాడు ఆ పిల్ల బడిలో ఉంది. ఎదుటివారికి ఏది మేలో నిశ్చయించుకుని, అది జరిగేదాకా విశ్రమించని స్వభావం ఆమెది. ఆ స్వభావాన్ని నేను ఆరాధించాను. అది నా మీదికే తిరుగుతుందని అప్పుడు ఊహించలేదు.

ఏటా పరీక్ష పేపర్లు దిద్దడానికి ఇద్దరం విజయవాడ వెళ్ళేవాళ్ళం. సాయంకాలం పని ముగిశాక కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చునేవాళ్ళం. నగరం నడిబొడ్డునే అయినా అక్కడ హారన్ల మోత వినిపించదు. నదికి అభిముఖంగా ఎత్తైన అపార్టుమెంట్లు, ప్రతి అంతస్తుకూ పూలకుండీలతో బాల్కనీలు. "ఇక్కడ ఉండేవాళ్ళు ఏం పనులు చేస్తారో అక్కా" అన్నాను ఒకనాడు. "ఏం చేస్తారో గానీ, పేపర్లు మాత్రం దిద్దరు" అంది. పగలబడి నవ్వుకున్నాం. అప్పట్లో ఆ ఇళ్ళు మాకు చూసి ఆనందించే వస్తువులు మాత్రమే.

మా వారు చిన్న వయసులోనే గతించారు. పిల్లలు లేరు. చాట్రాయిలో మా అన్నయ్య ఇంట్లో ఉంటూనే రోజూ బస్సులో నూజివీడు వచ్చి ఉద్యోగం వెళ్ళదీశాను. పదవీ విరమణ తరువాత ఆ ఇంట్లో నా స్థానం ఏమిటో స్పష్టమైంది. అందరి భోజనాలూ అయ్యాక నా విస్తరి. చుట్టాలొస్తే నా గది ఖాళీ. నాన్న పసుపుకుంకుమల కింద నాకు రాసిచ్చిన మామిడితోట ఎలాగూ తన పిల్లలదేనన్నట్టు అన్నయ్య నా ముందే మాట్లాడేవాడు. నేను నోరు మెదిపేదాన్ని కాదు. అక్క చూడటానికి వచ్చినప్పుడల్లా ఆమె ముఖం ఎర్రబడేది.

ఒకరోజు వరండాలో కూర్చుని, మెల్లగా అంది: "అమ్మాయ్, నీ తోట అమ్మెయ్యి. నా ఇల్లు నేనూ అమ్మేస్తా. ఏటి ఒడ్డున ఎదురెదురు ఫ్లాట్లు తీసుకుందాం."

"మనకెందుకక్కా అంత గొప్ప చోటు?"

"ఎందుకేంటే? జీవితమంతా ఇంకొకళ్ళ ఇళ్ళు నిలబెట్టాం. ఆఖరికైనా మన తలుపు మనం తీసుకుని, మన కాఫీ మనం తాగొద్దా?"

ఇద్దరం కలిసి ఇళ్ళు చూశాం. మా నేత చీరలనూ, చేతిసంచులనూ చూసి బ్రోకరు కాస్త సంకోచించాడు. "ఇది పెద్దపెద్దవాళ్ళు ఉండే ఏరియా అండీ మేడమ్" అన్నాడు. "మేమూ పెద్దవాళ్ళమేనయ్యా, అరవై దాటింది" అంది అక్క. నాలుగో అంతస్తులో ఎదురెదురుగా రెండు ఫ్లాట్లు చూపించాడు. అక్క ఎదుటి ఫ్లాటు హాల్లో నిలబడి చేతులు చాపి చూపించింది: "ఇదిగో ఇక్కడ నా పుస్తకాల బీరువా. కిటికీ పక్కన నా పడక్కుర్చీ. పొద్దున్నే నేను తలుపు తీసేసరికి నువ్వూ తీయాలి. లేవకపోతే బెల్లు కొట్టి చంపుతా." ఆ క్షణంలో ఆమె కళ్ళలో వెలిగిన ఉత్సాహం నేను కల్పించుకున్నది కాదు. దాన్ని నమ్మే నేను తోట అమ్మాను.

అప్పుడు చెట్లు నిండు పూత మీద ఉన్నాయి. అన్నయ్య, "తోట అమ్మాక ఈ గడప తొక్కకు" అన్నాడు. వదిన లోపలి నుంచి రాలేదు. నా పెట్టె మోసుకొచ్చి ఆటోలో పెట్టింది ఎస్తేరక్కే. రిజిస్ట్రేషన్ రోజున నా పత్రాల మీద సాక్షి సంతకమూ ఆమెదే. "మరి నీది ఎప్పుడక్కా?" అంటే, "తమ్ముళ్ళతో కాస్త మాట్లాడాల్సింది ఉందిలే. నువ్వు ముందెళ్ళు, నేను వెనకాలే వస్తా" అంది. గృహప్రవేశానికి వచ్చింది. నేను పాలు పొంగిస్తుంటే పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

నెలలు గడిచాయి. ఇవాళా రేపూ అంటూనే ఉంది. ఒక ఉదయం లిఫ్టులోంచి ఎవరివో సోఫాలు దిగుతున్నాయి. ఎదుటి ఫ్లాటు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అక్క వచ్చేసిందని ఆనందంతో పరుగెత్తాను. లోపల ఒక వ్యాపారస్థుడి కుటుంబం. "ఇది మా అక్క మాట్లాడుకున్న ఇల్లండీ, పొరపాటు పడ్డారేమో" అన్నాను. ఆ ఇల్లాలు మర్యాదగానే చెప్పింది: "లేదండీ ఆంటీ, బిల్డర్ దగ్గర మేమే కొన్నాం. ఇంతకుముందు ఎవరూ అడ్వాన్స్ కూడా ఇవ్వలేదన్నారు." సామాన్లు మోసేవాళ్ళంతా నన్ను చూస్తున్నారు. నా ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ పూటే బస్సెక్కి నూజివీడు వెళ్ళాను. అక్క వరండాలోనే ఉంది. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగలేదు.

"ఎప్పటినుంచి అనుకున్నావు, రాకూడదని?"

"మొదటినుంచీ."

"మరి ఆ బీరువా, ఆ కుర్చీ, ఆ మాటలన్నీ ఏంటక్కా?"

"నువ్వొక్కదానివే వెళ్ళి ఉండవే అంటే వెళ్ళేదానివా?"

"వెళ్ళేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు. మీ అన్న ఇంట్లో నిన్నలా చూడలేకపోయానమ్మాయ్. ఎలాగైనా బయటికి లాగాలనుకున్నా. నాకీ ఊరు, ఈ చర్చి, ఈ పిల్లలు లేకపోతే ఊపిరాడదు. నీకేమో ఆ ఇంట్లో ఊపిరాడలేదు."

"నాన్న నన్నడక్కుండా పెళ్ళి చేశాడు. అన్నయ్య నన్నడక్కుండా నా తోట తన పిల్లలదనేశాడు. నన్నడిగి చేసేది నువ్వొక్కదానివేనని నమ్మానక్కా. నువ్వూ అడగలేదు."

గొప్ప వక్త అక్క. ఆ రోజు తల వంచుకుని తన చేతులను చూసుకుంటూ కూర్చుంది. నేను లేచి వచ్చేశాను. గేటు దాకా వెనకే వచ్చింది కానీ పిలవలేదు.

మా మధ్య మాటలు పూర్తిగా ఆగిపోలేదు. పండగకూ పబ్బానికీ ఫోన్ చేసేది. ఒంట్లో ఎలా ఉందని అడిగేది, చెప్పేదాన్ని. పొరపాటు చేశానని ఒక్కసారైనా అంటుందని ఎదురుచూశాను. ఆమె అనలేదు. తాను చేసింది సబబేనని చివరిదాకా ఆమె నమ్మకం. అదే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా గాయపరిచింది.

ఆమెను ఖననం చేసి తిరిగి వచ్చాక, ఇప్పుడు కాలేజీలో లెక్చరరుగా ఉన్న ఒక పూర్వ విద్యార్థిని నా పక్కన కూర్చుంది. చిన్నప్పుడు వేదిక ఎక్కాలంటే ఆమెకు భయమట. "టీచర్ గారు నాతోపాటు స్టేజీ ఎక్కుతానన్నారండీ. చెయ్యి పట్టుకుని మెట్లదాకా తీసుకొచ్చి, ముందుకు నెట్టి తను కిందే ఉండిపోయారు. ఏడుస్తూనే పద్యం చెప్పేశాను. ఆవిడ లేకపోతే నేను లేనండీ" అంటూ కన్నీళ్ళ మధ్య నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల పద్యం చెప్పి దిగివచ్చేసరికి కింద టీచర్ గారు చప్పట్లు కొడుతూ నిలబడి ఉన్నారు. నేను నా ఇంటికి వెళ్ళేసరికి ఎదురుగా ఎవరూ లేరు.

నిజం చెప్పకపోతే అక్కకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఈ ఫ్లాటులో నాకు నిద్ర పడుతోంది. ఆకలైనప్పుడు తింటున్నాను. నా గది ఖాళీ చేయమనేవారు లేరు. ఉదయాన్నే బాల్కనీలో నిలబడితే నది నిర్మలంగా, విశాలంగా కనిపిస్తుంది. ఇదంతా ఆమె ప్రసాదమేనని ఒప్పుకుంటాను. కానీ లిఫ్టులో పలకరించుకోవడమే తప్ప ఒకరింటికి ఒకరు వెళ్ళని ఆ ధనవంతుల పేటలో, ఒంటరిగా ఉండటానికి నేను ఒప్పుకోలేదు. ఆమె తోడుగా ఉండటానికి ఒప్పుకున్నాను. మేలు కోరి చేసినా మోసం మోసమే. ఈ మాట ఆమె ఎదుట అన్నట్లయితే వాదించేది, రెండు పద్యాలు చదివేది, బహుశా గెలిచేది కూడా.

అలాంటి ఉపాధ్యాయురాలు మా ప్రాంతానికి మళ్ళీ లభించరు. వందలాది ఆడపిల్లల నాలుకపై తెలుగును నిలిపిన విదుషీమణి, ఎవరి కష్టాన్నీ చూస్తూ ఊరుకోలేని మొండి మనిషి, నా అక్క. ఆమె పాదాలకు నమస్కరిస్తున్నాను. ఆమెను క్షమించానని ఒక్క వాక్యం రాయండి, ఆవిడ ఆత్మకు శాంతిగా ఉంటుంది అని విద్యార్థినులు అడిగారు. అబద్ధం రాయలేను. క్షమించే రోజు ఎప్పుడో వచ్చి ఉండేదేమో. అందుకు ఆమె ఉండగానే నాకు ఇంకొంత కాలం కావలసింది. ఆ కాలాన్ని కూడా అక్క నన్ను అడగకుండానే తీసుకుని వెళ్ళిపోయింది.