లంకలో కార్తీక భోజనం

డెబ్బైల్లో నర్సీపట్నం నుంచి మాలాంటి టీచర్ల కుటుంబాలు వనభోజనాలకి నక్కపల్లి అవతల సముద్రపు లంకకి వెళ్లాయి. అక్కడికి సరదాగా వెళ్లిన మొదటివాళ్లం మేమే. ఎవరు కాదన్నా ఊరుకోను. మమ్మల్ని లంకకి దాటించిన పడవాయన భార్య ఆశగా వంజరం పులుసు వండిపెట్టింది. కార్తీకంలో మేం చేపలు తినం, ఒక్కరూ ముట్టలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఈ నెల ఎల్లనీ, మళ్లీ వస్తాం. పొయ్యి మాత్రం ఆర్పీకమ్మా," అంది అమ్మ.

అన్నట్టే మార్గశిరంలో రెండు జీపుల జనాన్ని తీసుకెళ్లింది. ఎనభైల నాటికి ఆ ఇసుక మీద ఎటు చూసినా భోజనాల పాకలు, షికారు పడవలు.

ఓ కార్తీకంలో మళ్లీ వెళ్లాం. "అమ్మగారూ, మీకోసం కొత్త కుండలో కందబచ్చలి వొండినాను," అంది పడవాయన భార్య.

కార్తీకంలో చుట్టాలిళ్లలో మంచినీళ్లైనా ముట్టని మా అమ్మ, మారు వడ్డించమంది.