కొట్టివేత లేని రికార్డు

తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతూ పాతికేళ్ళు గడిపాను. నా కన్నెప్పుడూ అల్లరి చేసేవాళ్ళ మీదే ఉండేది. ఆ అమ్మాయి మీద లేదు.

కొల్లేటి పక్క ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. తండ్రి చేపల చెరువు మీద కాపలా. క్లాసులో ఫస్టు. రికార్డులో ఒక్క గీత వంకరపోయినా పేజీ చింపేసి మళ్ళీ మొదటి నుంచి వేసేది. "చూసి నేర్చుకోండి" అని మిగతావాళ్ళకి ఆ రికార్డే చూపించేదాన్ని. అలా చూపించకుండా ఉండాల్సింది.

సెకండియర్లో దసరా సెలవుల తర్వాత తిండి తగ్గించింది. టెస్టులో రెండు మార్కులు తగ్గితే నా దగ్గరికొచ్చి "సారీ అండీ" అంది, నాకేదో నష్టం చేసినట్టు. ఓ మధ్యాహ్నం ల్యాబ్‌లో తన రంగు పెన్సిళ్ళు, బొమ్మలేసుకున్న నోట్సు ఒక ఫస్టియర్ పిల్లకి ఇచ్చేస్తూ కనబడింది. పరీక్షలకి ఇంకా నాలుగు నెలలుంది.

"నీకక్కర్లేదా?"

"ఇంక అక్కర్లేదండీ."

అందర్నీ పంపేసి పక్కన కూర్చున్నాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయం. చివరికి సూటిగానే అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

"అవునండీ. ఎప్పటినుంచో. ఎవరూ అడగలేదండీ."

ఆ రోజు తనని ఒంటరిగా వదల్లేదు. ఫోన్ చేస్తే సాయంత్రానికి తల్లీ తండ్రీ వచ్చారు. ఏలూరులో మానసిక వైద్యుడికి చూపిద్దామన్నాను.

"మా పిల్లకి పిచ్చేమిటండీ?" అని తల్లి ఏడ్చింది.

"జొరమొస్తే తీసుకెళ్ళమా? పద" అన్నాడు తండ్రి.

మర్నాడు నలుగురం బస్సెక్కాం. డాక్టరు అమ్మాయితో గంటసేపు మాట్లాడి, ఇది ఉత్త మార్కుల బాధ కాదు, డిప్రెషన్ అన్నాడు. తన తప్పుని తాను క్షమించుకోలేని స్వభావానికి ఆ జబ్బు తోడైందట. మందులున్నాయి, నయమవుతుంది, కొన్నాళ్ళు మాత్రం పక్కన మనిషుండాలన్నాడు.

ఆ ఏడు పరీక్షలు రాయలేదు. మందులు పనిచేయట్లేదని నెలకే మానేస్తే తండ్రి మళ్ళీ ఏలూరు తీసుకెళ్ళాడు. మరుసటేడు రాసి పాసయింది. ఫస్టు రాలేదు. ఇప్పుడు తణుకులో డిగ్రీ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "కెమిస్ట్రీ పోయిందండీ. రెండ్రోజులు ఏడ్చాను. మళ్ళీ రాస్తానండీ" అంది. మందుల డోసు తగ్గించారట. వాళ్ళమ్మ మాత్రం చుట్టాలకి అవి థైరాయిడ్ మాత్రలని చెబుతోందిట.