నా కాలితో పనుందన్న మనిషి

ఇవాళ్టికీ కారులో కూర్చోగానే నేను ముందు చేసే పని ఒకటే. ఇంజను స్టార్టు చేయకముందే బ్రేకును గట్టిపడేదాకా కొన్నిసార్లు తొక్కి, అలాగే అదిమిపట్టి, అప్పుడు తాళం తిప్పుతాను. పెడల్ నా కాలి కింద దానంతటదే కాస్త లోపలికి దిగుతుంది. "రోజూ ఏమిటమ్మా ఈ తంతు?" అని మా అమ్మాయి విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ కదలిక పాదానికి తగలగానే గ్రీజూ బీడీ పొగా కలిసిన వాసన ఎక్కడినుంచో వచ్చేస్తుంది. యాదన్న గుర్తొస్తాడు.

డెబ్బైల్లో మేము హుస్సేనీ ఆలంలో ఒక ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్లం. కింద రేకుల షెడ్డులో యాదగిరి అన్న కార్లు బాగుచేసేవాడు. గల్లీ మొత్తానికి ఆయన యాదన్నే. దిట్టమైన మనిషి, నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. నాకేమో చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. కుంటుతూ నడవడం నాకు కష్టమనిపించేది కాదు కానీ, జనం జాలి చూస్తే మాత్రం ఒళ్లు మండేది. బిందె ముట్టుకోబోతే చాలు, "నీకెందుకు బిడ్డా, కూసో" అనేవారు. ఎన్నాళ్లని కూర్చోను? నా కూడు నేను సంపాదించుకోవాలని పట్టుబట్టి కుట్టు క్లాసులో చేరాను. అక్కడి తొక్కుడు మిషను నా కాలికి లొంగలేదు. టీచరమ్మ మంచిదే, మెత్తగానే చెప్పింది. "నీ కాలుతోని కాదమ్మా. ఇంట్లనే చేతికుట్టు కుట్టుకో." ఇంటికొచ్చి కత్తెరనూ టేపునూ ట్రంకు అడుగున పడేసి, గోడవైపు తిరిగి ఏడ్చాను. ఇక నా బతుకింతే అనుకున్నాను.

ఆ వారంలోనే షెడ్డుకు ఒక డాక్టరుగారి ఎర్రకారు వచ్చింది. ఇద్దరే పట్టే పాతకాలపు విదేశీ కారు, నేలకు ఆనుకున్నట్టుండేది. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. డాక్టరుగారికి వయసు మీదపడి మోకాళ్లు అరిగాయి. బ్రేకు తొక్కాలంటే ప్రాణం మీదికొస్తోందట. అమ్మెయ్యమని ఇంట్లో ఒకటే లొల్లి. ఆయనకేమో ఆ బండంటే ప్రాణం. యాదన్న చూసి, బ్రేకు బూస్టరు పాడైందని తేల్చాడు. ఇంజను పీల్చే గాలితో పనిచేసే డబ్బా అది. మన కాలి బలానికి తన బలం కలుపుతుంది. అది చచ్చిపోతే మొత్తం భారం కాలిమీదే పడుతుంది.

అలాంటిదే ఇంకో బూస్టరు ఎక్కడెక్కడో వెతికి తెచ్చి, దాన్ని బిగించడానికి యాదన్న పడ్డ తిప్పలు నేను మెట్లమీద కూర్చుని చూశాను. అంత ఇరుకు బండిలో ఆయన తల స్టీరింగు కిందా, కాళ్లు తలుపు బయటా ఉన్నాయి. కనపడని నట్టును వేళ్లతో తడుముకుంటూ, జారినప్పుడల్లా దాని వంశాన్ని ఉర్దూలో తిడుతూ, చివరికి బిగించాడు. లేచి బ్రేకు తొక్కి "మస్తుగున్నది" అన్నాడు. మళ్లీ ఎందుకో ఆగాడు. తలెత్తి నావైపు చూశాడు.

"సుగుణా, జర కిందికి రా చెల్లె. నీ కాలుతోని పనున్నది."

నాకు చర్రున కోపం వచ్చింది. "నా కాలుతోని ఏం పనన్నా? పరాచికాలా?"

"పరాచికం కాదే. నాది దున్నపోతు కాలు. బూస్టరు పనిచేసినా తొక్కుతది, చెయ్యకున్నా తొక్కుతది. నాకేం తెలుస్తది? డాక్టర్ సాబ్ మోకాలుకు తెల్వాలె. నువ్వు చూసి చెప్పు."

దిగి వెళ్లాను. ఆ ఎర్రటి బండిలో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. ఇంజను నడుస్తుండగా తొక్కమన్నాడు. తొక్కాను. కదలదే! పళ్లు బిగించి మళ్లీ తొక్కాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా కాలే అన్నా. దానికి బలం లేదు."

"నీ కాలు సంగతి నేనడిగిన్నా? పెడల్ ఎట్లున్నదని అడిగిన."

"రాయి లెక్క ఉన్నది."

"మరి గదే చెప్పు!"

బానెట్ లోపలికి దూరిపోయాడు. కాసేపటికి తల బాదుకుంటూ లేచాడు. గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వును ఉల్టా పెట్టాడట. తిప్పి పెట్టి, ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కించి, "కాలు తియ్యకు. ఇగ చావి తిప్పు" అన్నాడు.

తిప్పాను. ఇంజను అందుకోగానే పెడల్ నా పాదం కింద మెత్తగా దిగింది. సన్నబడిన నా కాలితోనే! "అన్నా, దిగిందే!" అని అరిచాను. యాదన్న గల్లీ అంతా వినపడేలా నవ్వాడు.

మర్నాడు డాక్టరుగారు బ్రేకు తొక్కి, నమ్మలేనట్టు మోకాలు నిమురుకున్నారు. "మా సుగుణ కాలు సరే అన్నది సాబ్, మీరు ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు యాదన్న. ఆ తరువాత బ్రేకు పని ఎప్పుడొచ్చినా మెట్లకింద నిలబడి నన్ను పిలిచేవాడు.

నేను ట్రంకు తెరిచాను. కత్తెర తీసుకుని కుట్టు క్లాసుకు వెళ్లి, టీచరమ్మ ఏదో అనేలోపే మిషను కిందికి వంగాను. చక్రం ఇరుసుకు ఏనాటివో దారాలు చుట్టుకుపోయి ఉన్నాయి. నూనె ఎండి జిగురైంది. అవన్నీ పీకి, తుడిచి, నూనె వేసి తొక్కాను. తేలిగ్గా కాదు కానీ, తిరిగింది. నేను కుట్టిన మొదటి జాకెట్టు యాదన్న భార్యదే.

యాదన్న పోయి చాలాకాలమైంది. ఆయనను తలుచుకోని రోజు లేదు. ఇప్పుడు నా కుట్టు దుకాణంలో పదిమంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. మొన్న కొత్తగా చేరిన పిల్ల కుట్టు వంకరపోయిందని బెదిరిపోయి, "నా చెయ్యే మంచిగ లేదు మేడం, నాకు రాదు" అని ముక్కు చీదింది.

"నీ చెయ్యి సంగతి నేనడిగిన్నా? మిషన్ ఎట్లున్నదో చెప్పు" అన్నాను.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని మిషన్ వైపు చూసింది. నేను నూనె డబ్బా అందుకున్నాను.